పాటకు రంగు లేదట! మరి చెక్కుకో?

మా స్కూల్లో ఒక కుర్ర మాస్టారున్నాడు. మంచివాడే, పాఠం బాగా చెబుతాడు. ఆయనకు ఇంగ్లీషు రాక్ సంగీతమంటే ప్రాణం. మధ్యాహ్నం క్యారేజీ విప్పగానే ఫోన్లో లెడ్ జెప్పెలిన్ పెడతాడు. మొన్నొకరోజు ‘హోల్ లాటా లవ్’ అనే పాట పెట్టి, కళ్ళు మూసుకుని, బల్ల మీద దరువేస్తూ వింటున్నాడు. “ఈ పాట ఎవరిది మాస్టారూ?” అనడిగాను. “లెడ్ జెప్పెలిన్‌దండీ, 1969” అన్నాడు. “అంతకుముందు ఎవరిది?” అన్నాను. ఆయన కళ్ళు తెరిచాడు. నాకు తెలిసింది చెప్పాను. అంతా విని ఆయనన్న మాట ఇది: “మీరు ప్రతిదాంట్లోనూ ఇదే చూస్తారండీ. సంగీతానికి కులమేంటి, రంగేంటి? మంచి పాట ఎవరు పాడితే ఏం?”

ఈ మాట మనకు కొత్తా? ఎక్కడ లెక్క అడిగినా ముందు ఈ మాటే వస్తుంది. బడిలో అడిగితే చదువుకు కులం లేదంటారు. గుడి దగ్గర అడిగితే దేవుడికి కులం లేదంటారు. ఇప్పుడు పాట వంతు వచ్చింది. సరే, సంగీతానికి రంగు లేదు, ఒప్పుకున్నాను. చెక్కుకు ఉందా లేదా? రికార్డు మీద అచ్చేసిన పేరుకు ఉందా లేదా? చచ్చాక సమాధి మీద పెట్టే రాయికి ఉందా లేదా? నేనడిగేది ఈ మూడే.

అమెరికా పాటల గొడవ మన పత్రికలో ఎందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1946లో నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు, మీ సమస్యా మా సమస్యా ఒకే తీరుగా ఉన్నాయని. 1972లో బొంబాయి దళిత కుర్రాళ్ళు తమ సంఘానికి అక్కడి పాంథర్ల పేరే పెట్టుకున్నారు. వాళ్ళ ఉత్తరాలు, వాళ్ళ పోరాటాలు మనకు కావలసినప్పుడు వాళ్ళ పాటల జమాఖర్చు మాత్రం ఎందుకొద్దు?

బ్లూస్ అంటే తెలియనివారికి రెండు ముక్కలు. అమెరికాలో 1865లో చట్టప్రకారం బానిసత్వం పోయింది. భూమి మాత్రం నల్లవాళ్ళకు రాలేదు. మిసిసిపీ, టెక్సస్ పత్తిచేలల్లో నిన్నటి బానిస ఇవాళ కోరుకు చేసే రైతయ్యాడు. విత్తనం దొరది, గొడ్డు దొరది, పిండీ ఉప్పూ దొర కొట్టులోవి. ఏడాది చివర పద్దు చదివేది దొరే. పంట ఎంత పండినా బాకీ మిగులుద్ది. ఎక్కడో విన్నట్టుంది గదా! ఆ మనుషుల నోట, పొలాల్లో, ఏటికట్టల పనుల్లో, జైళ్ళలో, శనివారం రాత్రి సారా కొట్లలో పెరిగిన పాట బ్లూస్. ఒక పాదం పాడి, దాన్నే మళ్ళీ పాడి, మూడో పాదంతో జవాబు చెప్పడం దాని మామూలు నడక. దానికి కరెంటు గిటారు తగిలించి, వేగం పెంచి, చర్చి పాటల ఊపూ తెల్ల పల్లెల పాటా కలిపితే రాక్ అండ్ రోల్ అయింది. సంగీతం పండితులు దీన్ని ఇంకా సూక్ష్మంగా చెబుతారు. మనకింత చాలు.

1920 ఆగస్టులో న్యూయార్కులో మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని ‘క్రేజీ బ్లూస్’ అనే పాటను ఓకే అనే కంపెనీకి రికార్డు చేసింది. నల్లవాళ్ళు డబ్బు పెట్టి రికార్డులు కొంటారన్న నమ్మకమే అంతకుముందు కంపెనీలకు లేదు. ఆ రికార్డు విరగబడి అమ్ముడుపోయేసరికి అందరికీ నల్లవాళ్ళ పాట మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రేమ పుట్టింది గానీ పంక్తి కలవలేదు. వాళ్ళ రికార్డులకు వేరే నంబర్లు, వేరే జాబితా. దానికి ‘రేస్ రికార్డులు’ అని పేరు, అంటే ‘జాతి రికార్డులు’. మన టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి తెలిసినవాడికి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. టీ ఒకటే, గ్లాసు వేరు. బిల్‌బోర్డ్ అనే వ్యాపార పత్రిక 1949 దాకా అమ్మకాల పట్టికను ఆ పేరుతోనే వేసింది. ఆ ఏడాది ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని పేరు మార్చింది. గ్లాసు మారింది, కొట్టు మారలేదు.

ఆ రోజుల్లో అందరికన్నా పెద్ద గొంతు బెస్సీ స్మిత్‌ది. 1923లో కొలంబియా కంపెనీకి మొదటి రికార్డు పాడింది. ఆమె ఒప్పందం కాగితంలో రాయల్టీ గురించిన పేరాను కంపెనీ మనిషి కలంతో కొట్టేశాడు. పాడిన పాట పనికొస్తే పాటకు 125 డాలర్లు, అంతే. కూలి రేటన్నమాట. రికార్డు లక్షల్లో అమ్ముడైనా ఆ 125 పెరగదు. అప్పట్లో అది పెద్ద మొత్తమే గదా అంటారు. పెద్దదే. పొలం మనదైతే కూలి ఎంతని ఎవరడుగుతారు?

1937 సెప్టెంబరులో మిసిసిపీలో రోడ్డు ప్రమాదంలో ఆమె చనిపోయింది. తెల్లవాళ్ళ ఆస్పత్రి చేర్చుకోక చనిపోయిందని ఒక కథ ప్రచారంలో ఉంది. దాని మీద నాటకం కూడా రాశారు. మనవాళ్ళు ఉపన్యాసాల్లో ఆ కథ చెబితే దయచేసి ఆపండి. అది నిజం కాదు. ఆమెను క్లార్క్స్‌డేల్‌లోని నల్లవాళ్ళ ఆస్పత్రికే తీసుకెళ్ళారు. నిజం ఏంటంటే, నల్లమనిషిని తెల్ల ఆస్పత్రికి తీసుకెళ్ళాలన్న ఆలోచనే ఆ ఊళ్ళో ఎవరికీ రాదు. గుమ్మం దగ్గర గెంటేయడం కన్నా ఇది పెద్ద నేరం కాదా? మన పక్షాన నిజమే ఇంత బలంగా ఉంటే అబద్ధంతో మనకేం పని? ఇంకో నిజం వినండి. పెన్సిల్వేనియాలో ఆమె సమాధికి 33 ఏళ్ళు రాయి లేదు. ఆ మధ్యలో కొలంబియా ఆమె పాత పాటల్ని మళ్ళీ మళ్ళీ అచ్చేసి అమ్ముకుంది. 1970 ఆగస్టులో రాయి వేయించింది ఎవరు? ఒకరు జానిస్ జాప్లిన్ అనే తెల్ల రాక్ గాయని. రెండోవారు జువానిటా గ్రీన్ అనే నల్లజాతి ఆవిడ, చిన్నప్పుడు బెస్సీ స్మిత్ ఇంట్లో నేల తుడిచిన మనిషి.

ఇక్కడొక కిటుకు ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి. ఒక రికార్డు అమ్ముడైతే రెండు దారుల్లో డబ్బు పుడుతుంది. ఒకటి పాడినవాళ్ళకు, కంపెనీతో రాసుకున్న ఒప్పందం ప్రకారం. రెండోది పాట కట్టినవాళ్ళకు, అంటే పాట ఎవరి పేర రిజిస్టరై ఉందో వాళ్ళకు. ఈ రెండో దానికి 1909 నాటి అమెరికా చట్టం రేటు కట్టింది: రికార్డుకు, పాటకు, రెండు సెంట్లు. 1977 చివరి దాకా అదే రేటు. రెండు సెంట్లేగా అనుకోకండి. పది లక్షల రికార్డులు పోతే ఇరవై వేల డాలర్లు. అందులో సగం పబ్లిషరనే మధ్యవాడికి పోవడం రివాజు. గొంతుకు మాత్రం ఆ చట్టంలో చోటు లేదు. రికార్డులో ఉన్న ధ్వనికి అమెరికా కేంద్ర చట్టం రక్షణ ఇచ్చింది 1972 ఫిబ్రవరి నుంచే. అంటే ఒకామె పాటను ఎక్కడ విరిచింది, ఎక్కడ ఊపిరి బిగబట్టింది, గిటారును ఎట్లా అరిపించింది, ఇదంతా ఎవడైనా దించుకోవచ్చు. ఆమెకు చిల్లిగవ్వ ఇవ్వనక్కర్లేదు. పైకం కాగితం మీద పేరున్నవాడికే.

మా తాత వేలిముద్ర వేసిన కాగితంలో ఏం రాసుందో ఆయన పోయేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చదివి సంతకం పెట్టిన మొదటివాణ్ణి నేనే. అందుకని కాగితం మాటొస్తే నాకు కోపం కొంచెం ఎక్కువ, పాఠకులు మన్నించాలి.

కాగితం లేని పాటను ఏమంటారో తెలుసా? ‘సాంప్రదాయం’ అంటారు. అంటే ఎవరిదీ కాదు. ఎవరిదీ కానిది కనక ముందు ఎవరు రిజిస్టరు చేసుకుంటే వాళ్ళది, బంజరు భూమి లాగా. మన క్యాసెట్ల అట్టల మీద ‘జానపదం’ అని ఒక్క మాట వేసి చేతులు దులుపుకోవడం చూళ్ళేదా? పాట కట్టినామె పక్క ఊళ్ళోనే నాట్లు వేస్తుంటుంది. అడిగినవాడు లేడు.

రాబర్ట్ జాన్సన్ సంగతి చూడండి. 1936లో శాన్ ఆంటోనియోలో, 1937లో డాలస్‌లో కలిపి 29 పాటలు రికార్డు చేసి, 1938లో ఇరవయ్యేడేళ్ళకే చనిపోయాడు. 1969లో రోలింగ్ స్టోన్స్ ఆయన ‘లవ్ ఇన్ వెయిన్’ పాడినప్పుడు రికార్డు మీద ఆయన పేరు లేదు, ఇంకెవరిదో పేరు అచ్చయింది. ఆ పాట మీద ఎవరికీ హక్కు మిగల్లేదన్న వాదనను 2000లో అమెరికా అప్పీలు కోర్టు కొట్టేసింది. ఈలోగా ఆయన చరిత్ర తవ్వితీసిన ఒక తెల్లజాతి సేకర్త 1974లో ఆయన సవతి అక్క దగ్గరికి పోయి, వచ్చేదాంట్లో సగం తనకని రాయించుకున్నాడు. 1990లో వచ్చిన ఆయన మొత్తం పాటల సెట్టు పది లక్షలకు పైగా అమ్ముడైంది. చివరికి ఆయన వారసుడు ఆయన కొడుకేనని మిసిసిపీ సుప్రీంకోర్టు 2000లో తేల్చింది. ఆ కొడుకు కంకర లారీ నడిపి బతికినవాడు.

ఇక మా మాస్టారి పాట దగ్గరికి వద్దాం. దాని వెనక మనిషి విల్లీ డిక్సన్. 1915లో మిసిసిపీ రాష్ట్రం విక్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఏనుగులాంటి మనిషి, కొన్నాళ్ళు బాక్సింగ్ చేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలోకి రమ్మంటే రానన్నాడు. నా జాతిని ఇట్లా చూసే దేశం కోసం నేనెందుకు కొట్లాడాలన్నాడు, జైలుకు పోయాడు. తర్వాత షికాగోలో చెస్ కంపెనీలో చేరాడు. బాస్ వాయించాడు, పాటలు కట్టాడు, ఏ పాట ఎవరి గొంతుకు నప్పుతుందో చూసి ఇచ్చాడు, రికార్డింగులు నడిపించాడు. మడ్డీ వాటర్స్ పాడిన ‘హూచీ కూచీ మ్యాన్’, హౌలిన్ వుల్ఫ్ పాడిన ‘స్పూన్‌ఫుల్’, ‘లిటిల్ రెడ్ రూస్టర్’ ఆయన కట్టినవే. ఆ చివరిదాన్నే రోలింగ్ స్టోన్స్ 1964లో పాడితే ఇంగ్లండు పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది.

చెస్ అన్నదమ్ములు పోలండు నుంచి వలస వచ్చిన కుటుంబం. మడ్డీ వాటర్స్‌ను నమ్మి రికార్డు చేసింది వాళ్ళే. వాళ్ళు లేకపోతే ఆ గొంతు మనదాకా వచ్చేదో లేదో. ఇది కాదనను. అయితే పాటల హక్కుల కోసం వాళ్ళే భాగస్వాముల్ని కలుపుకుని ఆర్క్ మ్యూజిక్ అని ఇంకో సంస్థ పెట్టారు. పాట పాడేది వాళ్ళ కంపెనీకి. హక్కు రాసిచ్చేది వాళ్ళ రెండో కంపెనీకి. ఎంత అమ్మిందో లెక్క చెప్పేదీ వాళ్ళే. మడ్డీ వాటర్స్ స్టోవల్ అనే దొర తోటలో ట్రాక్టరు నడిపినవాడు. కూలి కాస్త పెంచమంటే మేస్త్రీ కుదరదన్నాడని 1943లో రైలెక్కి షికాగో వచ్చాడు. తోట వదిలించుకున్నాడు గానీ దొర చదివే పద్దు ఆయన్ని వదల్లేదు. 1970ల మధ్యలో ఆయనా డిక్సనూ కలిసి ఆర్క్ మీద కోర్టుకెక్కితే గానీ రాజీ కుదరలేదు, హక్కులు చేతికొచ్చే దారి పడలేదు.

1962లో మడ్డీ వాటర్స్ ‘యూ నీడ్ లవ్’ అనే పాట రికార్డు చేశాడు. కట్టింది డిక్సన్. 1969లో లెడ్ జెప్పెలిన్ ‘హోల్ లాటా లవ్’ వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి వినండి, నేను చెప్పాల్సింది ఏమీ ఉండదు. రికార్డు మీద మాత్రం ఆ నలుగురు ఇంగ్లీషు కుర్రాళ్ళ పేర్లే ఉన్నాయి. పొరపాటున జరిగిందంటారా? అదే ఏడాది వాళ్ళ మొదటి రికార్డులో రెండు పాటలకు డిక్సన్ పేరు సరిగ్గానే వేశారు. అంటే ఆ మనిషెవరో తెలుసు, పేరు స్పెల్లింగూ తెలుసు. రెండో రికార్డుకొచ్చేసరికి పేరు ఎగిరిపోయింది. ఆ రికార్డులోనే ‘లెమన్ సాంగ్’ హౌలిన్ వుల్ఫ్ పాట నుంచి, ‘బ్రింగ్ ఇట్ ఆన్ హోమ్’ డిక్సన్ పాట నుంచి తీసుకున్నవి. వాటి మీదా తగాదాలొచ్చాయి, రాజీలయ్యాయి. డిక్సన్ కూతురు ఈ ‘లవ్’ పాటల పోలిక పట్టుకుంది. 1985లో, డెబ్బయ్యేళ్ళ వయసులో, ఆయన దావా వేశాడు. 1987లో కోర్టు బయట పరిష్కారమైంది. పాట వచ్చిన పద్దెనిమిదేళ్ళకు! ఇవాళ ఆ పాట కింద అయిదు పేర్లుంటాయి. అయిదోది డిక్సన్‌ది. మా మాస్టారి ఫోన్లోనే చూపించాను. ఎన్నేళ్ళుగానో వింటున్నాడట, ఎప్పుడూ కిందికి జరిపి చూళ్ళేదట.

డిక్సన్ చేసిన ఇంకో పని ముఖ్యం. పాటల డబ్బుతో ‘బ్లూస్ హెవెన్’ అనే సంస్థ పెట్టాడు. తనలాగే మోసపోయిన వృద్ధ కళాకారులు హక్కులు రాబట్టుకోవడానికి సాయపడటం దాని పని. 1992లో ఆయన పోయాక, 1993లో ఆయన భార్య ఆ పాత చెస్ స్టూడియో కట్టడాన్నే కొని దాన్ని అందులో పెట్టింది. షికాగోలో సౌత్ మిషిగన్ వీధి, 2120 నంబరు.

అందరిదీ ఇంత వివరంగా చెబితే పత్రిక చాలదు. చక్ బెర్రీ 1955లో ‘మేబెలీన్’ రాసి పాడితే, రచయితలుగా ఇంకో ఇద్దరి పేర్లు కలిశాయి. ఒకడు రేడియోలో పాటలు వేసే అలన్ ఫ్రీడ్. రెండోవాడు చెస్ వాళ్ళకు తెలిసిన ఒక కాగితాల వ్యాపారి. ఆ పేర్లు తీయించి పాట పూర్తిగా తనదనిపించుకునేసరికి 1986 వచ్చింది. అందుకే ఆయన ముసలితనంలో కూడా డబ్బు చేతిలో పడందే స్టేజీ ఎక్కేవాడు కాదు. దానికి ఆయన్ని పిసినారి అని రాశారు పత్రికలవాళ్ళు! లిటిల్ రిచర్డ్ మేకన్ ఊరి బస్‌స్టేషన్లో అంట్లు తోమినవాడు. 1955లో ‘టూటీ ఫ్రూటీ’ పాడాడు. పాట హక్కు 50 డాలర్లకు పోయింది, ఆయన వంతు రికార్డుకు అర సెంటు. అదే పాటను పాట్ బూన్ అనే తెల్ల గాయకుడు ఇస్త్రీ చేసి పాడితే అది పట్టికలో ఇంకా పైకెక్కింది.

ఆర్థర్ క్రూడప్‌ను మాత్రం దాటిపోలేను. 1946లో ‘దట్స్ ఆల్ రైట్’ రికార్డు చేశాడు. 1954 జూలైలో మెంఫిస్‌లో ఎల్విస్ ప్రెస్లీ అనే పందొమ్మిదేళ్ళ లారీ డ్రైవరు తన మొదటి రికార్డుగా పాడింది ఆ పాటే. ఎల్విస్ రాజయ్యాడు. క్రూడప్ వర్జీనియాలో పొలం పనులకు పోయాడు. 1971లో వచ్చిన ఆయన రికార్డుకు ‘రాక్ అండ్ రోల్ పితామహుడు’ అని పేరు పెట్టారు. బిరుదులకేం తక్కువ! డిక్ వాటర్‌మన్ అనే మేనేజరు ఆయన తరఫున తిరిగి, పబ్లిషరు దగ్గర 60 వేల డాలర్లకు ఒప్పందం కుదిర్చాడు. ముసలాయన పిల్లల్ని వెంటబెట్టుకుని న్యూయార్కు పోయి కాగితాల మీద సంతకాలు పెట్టాడు. లోపలికెళ్ళిన మనిషి బయటికొచ్చి, పెద్దాయన సంతకం పెట్టనంటున్నాడని చెప్పాడు. కోర్టుకు పోయినా ఇంతకన్నా తక్కువే అవుద్దిలే అని వాళ్ళ లెక్క. క్రూడప్ 1974లో చనిపోయాడు. డబ్బు కదిలింది ఆ తర్వాతే, అదీ పిల్లలకు.

ఇప్పుడు మనకు మనమే ఒక మాట చెప్పుకోవాలి. బిగ్ మామా థార్న్‌టన్ 1952లో రికార్డు చేసిన ‘హౌండ్ డాగ్’ నల్లవాళ్ళ పట్టికలో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. తనకు అందింది 500 డాలర్ల చెక్కు ఒకటేనని ఆమె చెప్పుకుంది. 1956లో అదే పాట ఎల్విస్‌కు కోట్లు తెచ్చింది. 1984లో ఆమె లాస్ ఏంజెలిస్‌లో ఒక అద్దె గదుల ఇంట్లో చనిపోయింది. ఈ కథ అందరూ చెబుతారు. చెప్పనిదేంటంటే, ఆమెను రికార్డు చేసిన పీకాక్ కంపెనీ యజమాని డాన్ రోబీ నల్లవాడు. హ్యూస్టన్‌లో సొంతంగా కంపెనీ పెట్టి పైకొచ్చినవాడు. వేరేవాళ్ళ పాటల మీద తన దొంగపేరు వేయించుకోవడంలో అతనికి మంచి పేరు. ఆ పాట రాసిన లీబర్, స్టాలర్ అనే ఇద్దరు తెల్ల కుర్రాళ్ళకు అతనిచ్చిన చెక్కు కూడా బ్యాంకులో చెల్లలేదు. కాబట్టి దొర కుర్చీలో మనవాడు కూర్చుంటే పద్దు మారిపోతుందని అనుకోవద్దు. మనలోనూ రోబీలున్నారు, ఏ గూడెంలో ఎవరో మీకే తెలుసు.

పద్దును తిరగేసి చూపించిన మనిషి రూత్ బ్రౌన్. 1949 నుంచి పదేళ్ళకు పైగా అట్లాంటిక్ కంపెనీకి పాడింది. ఆ కంపెనీని ‘రూత్ కట్టిన ఇల్లు’ అనేవారు. అప్పుడది చిన్న సంస్థ, ఆమె పాటల మీదే నిలదొక్కుకుంది. 1960ల్లో పాటలు తగ్గాయి. ఇళ్ళల్లో పనిమనిషిగా చేసింది, బడి బస్సు నడిపింది, పిల్లల్ని పెంచుకుంది. రేడియోలో తన పాట వస్తూనే ఉంది. నాకు రావలసింది ఎంతని కంపెనీని అడిగితే వచ్చిన జవాబేంటో తెలుసా? నీకు రావలసింది లేదు, నువ్వే మాకు బాకీ!

ఆ బాకీ ఎట్లా వచ్చింది? స్టూడియో అద్దె గాయని ఖాతాలో. వాద్యగాళ్ళ కూలి గాయని ఖాతాలో. ముందుగా ఇచ్చిన నాలుగు డాలర్లూ గాయని ఖాతాలో. ఇవన్నీ తీరాకే రాయల్టీ. అవి ఎప్పుడు తీరాయో చెప్పేది కంపెనీ గుమాస్తా. నేను పైన పత్తిచేల పద్దు గురించి రాసింది ఇందుకే. దొర కొట్టు కాస్తా స్టూడియో అయింది, ఉప్పూ పిండికి బదులు టేపు రాసుకున్నారు. లెక్క అదే లెక్క.

హోవెల్ బెగెల్ అనే లాయరు ఆమె పాటలకు అభిమాని. ఆయన ఆమె తరఫున, మిగతా పాత కళాకారుల తరఫున ఏళ్ళ తరబడి వెంటపడ్డాడు. 1988లో అట్లాంటిక్ తన నలభయ్యేళ్ళ పండగ చేసుకోబోతుంటే పరువు సమస్య వచ్చిపడింది. అప్పుడు దిగొచ్చారు. ముప్ఫయ్‌మందికి పైగా పాత కళాకారుల బాకీలు కొట్టేసి రాయల్టీ మళ్ళీ లెక్కకట్టారు. వృద్ధ కళాకారుల సాయానికి రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ పెట్టడానికి 15 లక్షల డాలర్లు ఇచ్చారు. ఎవరి దయా కాదిది. ఒక పనిమనిషి లెక్క అడిగితే వచ్చింది.

మా మాస్టారు ఊరుకోలేదు, పాపం. “తెల్లవాళ్ళు పాడబట్టే గదండీ ఆ ముసలివాళ్ళ పేర్లు ప్రపంచానికి తెలిశాయి” అన్నాడు. ఇందులో కొంత నిజముంది. 1965లో అమెరికా టీవీవాళ్ళు పిలిస్తే రోలింగ్ స్టోన్స్ హౌలిన్ వుల్ఫ్‌ను కూడా తీసుకురావాలని పట్టుబట్టారు, ఆయన పాడుతుంటే పక్కన కూర్చుని విన్నారు. 1966లో క్రీమ్ అనే బృందం స్కిప్ జేమ్స్ పాట ఒకటి పాడి ఆయన పేరు సరిగ్గా వేసింది. ఆ డబ్బు క్యాన్సర్‌తో ఉన్న ఆ ముసలాయన వైద్యానికి అక్కరకొచ్చింది. చూశారా మాస్టారూ, పేరు వేస్తే ఏమవుతుందో! ఆ బృందం మునిగిపోలేదు. వేయడం చేతకాక కాదు, వేయకపోయినా అడిగేవాడు లేకే ఎగ్గొట్టారు.

ఆ క్రీమ్ గిటారిస్టే ఎరిక్ క్లాప్టన్. రాబర్ట్ జాన్సన్ పాట వాయించి పేరు తెచ్చుకున్నాడు. 1976 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో తాగి స్టేజీ ఎక్కి, వలస వచ్చిన నల్లవాళ్ళనూ మన ఆసియావాళ్ళనూ దేశం నుంచి పంపేయాలన్న ఇనాక్ పవెల్‌కు జై కొట్టాడు. దానికి జవాబుగానే అక్కడ ‘రాక్ అగైనిస్ట్ రేసిజం’ ఉద్యమం మొదలైంది. నలభయ్యేళ్ళ తర్వాత సిగ్గుపడుతున్నానన్నాడు, సంతోషం. పాటను గుండెల్లో పెట్టుకుని మనిషిని గడప బయట నిలబెట్టడం సాధ్యమేనని మాత్రం ఆ రాత్రి రుజువైంది. దప్పు కావాలి, దప్పు కొట్టేవాడు పందిట్లో కూర్చోకూడదు. ఈ న్యాయం మనకెవరూ నేర్పనక్కర్లేదు.

“అయితే వినడం మానేయమంటారా?” అనడిగాడు చివరికి. మానేయమని నేనెప్పుడన్నాను? నేనూ వింటాను. మా ఇంట్లో ఎక్కువగా మోగేది ఎలిజబెత్ కాటన్ పాట. ఆమె సంగతి చెప్పి ముగిస్తాను.

1893లో నార్త్ కరోలినాలో పుట్టింది. చిన్నతనంలోనే చదువు మాని ఇళ్ళల్లో పనికి కుదిరింది. నెలకు డాలరు జీతం. కూడబెట్టి 3 డాలర్ల 75 సెంట్లకు గిటారు కొనుక్కుంది. ఎడమచేతి వాటం కనక గిటారును తలకిందులుగా పట్టుకుని తనకు తానే నేర్చుకుంది. బొటనవేలు చేసే పని వేళ్ళతో, వేళ్ళు చేసే పని బొటనవేలితో. ఆ చిన్న వయసులోనే ‘ఫ్రైట్ ట్రైన్’ అనే పాట కట్టింది. తర్వాత పెళ్ళి, బిడ్డ, చర్చి, పాచిపని. గిటారు దశాబ్దాల పాటు మూలపడింది. 1940ల చివర వాషింగ్టన్‌లో ఒక పెద్ద కొట్టులో పనిచేస్తుంటే తప్పిపోయిన పాప ఒకతె దొరికింది. తల్లికి అప్పజెప్పింది. అది సీగర్‌ల కుటుంబం, జానపద సంగీతం సేకరించేవాళ్ళు. వాళ్ళింట్లో వంటకూ పనికీ కుదిరింది. ఒకరోజు గోడకున్న గిటారు తీసి వాయిస్తే ఇంటిల్లిపాదీ తెల్లబోయారు. ఊరూరా తిరిగి పాటలు సేకరించేవాళ్ళ వంటింట్లోనే పాట ఉంది!

ఆ తప్పిపోయిన పాప పెగ్గీ పెద్దదై ఇంగ్లండు వెళ్ళి ‘ఫ్రైట్ ట్రైన్’ పాడింది. విన్నవాళ్ళు దాన్ని తమ పేర్ల మీద రిజిస్టరు చేసుకున్నారు. 1957లో అది ఇంగ్లండులో పెద్ద హిట్టయింది. ఆ సమయానికి పాట కట్టినామె వాషింగ్టన్‌లో సీగర్‌ల ఇంట్లో అంట్లు తోముతోంది. ఆ కుటుంబం వెంటపడి గొడవ చేశాక గానీ ఆమె పేరు పాట మీదికి రాలేదు.

1985లో, తొంభై రెండేళ్ళ వయసులో, ఎలిజబెత్ కాటన్‌కు గ్రామీ బహుమతి ఇచ్చారు. ఏ విభాగంలో ఇచ్చారో చూశారా? ‘సాంప్రదాయ జానపద’ విభాగంలో.